హతసాక్షి

విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన క్రైస్తవులను తెలుగులో ‘హతసాక్షులు’ అంటారు. బైబిల్ ప్రకటన గ్రంథం 17వ అధ్యాయంలో ఈ మాట ఉంది. ‘హత’ అంటే చంపబడిన, ‘సాక్షి’ అంటే కళ్లారా చూసినవాడు. మూలమైన గ్రీకు ‘మార్టిస్’లో మాత్రం మొదట చావు ఊసే లేదు, న్యాయస్థానంలో నిలబడే మామూలు సాక్షి అని అర్థం. క్రీస్తును కాదనలేక సాక్షులు చనిపోతూ వచ్చాక ఆ మాటకు మరణం అంటుకుంది.

క్రీ.శ. 177లో లియోన్ చెరసాలలో చిత్రహింసలు పడ్డవారు బతికుండగా తమను ‘మార్టిస్’ అనే పేరుతో పిలవనివ్వలేదు. అది క్రీస్తుకూ చనిపోయినవారికీ చెందుతుందన్నారు. వారిలో బ్లాండినా అనే బానిసకు, తాను క్రైస్తవురాలినని చెప్పిన ప్రతిసారీ సత్తువ తిరిగొచ్చేదట. 203లో కార్తేజ్ చెరసాలలో పురిటినొప్పులకు అరుస్తున్న ఫెలిసిటాస్ అనే క్రైస్తవురాలిని, మృగాల ముందుకు తోసినప్పుడు ఏం చేస్తావని కాపలావాడు ఎగతాళి చేశాడు. ఈ నొప్పి తనదనీ, అప్పుడు తనలో మరొకరు భరిస్తారనీ ఆమె బదులిచ్చింది. నొప్పి ఉండదని కాదు, అందులో ఒంటరిని కానని ఆమె ధైర్యం.

తెలుగు కతోలికుల వాడుక ‘వేదసాక్షి’. క్రైస్తవంలో చేరడాన్ని ‘వేదంలో కలవడం’ అన్న పాత పలుకుబడిలోని వేదమే ఇది. 1752లో తిరువాన్కూరు రాజ్యంలో కాల్చి చంపిన దేవసహాయం పిళ్లై అలాంటి సాక్షి. 2022లో పోప్ ఫ్రాన్సిస్ ఆయనను పునీతుడిగా ప్రకటించారు.

మన సంఘాల్లో జబ్బునో అప్పునో తట్టుకున్నవారు లేచి చెప్పేదీ ‘సాక్ష్యమే’. ప్రాణం పోకపోయినా మాట అదే.