బెషర్ దంపతులు

బెర్న్డ్ బెషర్ (1931–2007), హిల్లా బెషర్ (1934–2015) జర్మనీకి చెందిన ఛాయాచిత్రకార దంపతులు. కళాదృష్టితో కాక కేవలం అవసరాన్ని బట్టి రూపొందిన పారిశ్రామిక కట్టడాలను ఛాయాచిత్రాలుగా తీసి, కాన్సెప్చువల్ ఆర్ట్‌గా పిలువబడే భావప్రధాన కళలో విశిష్ట స్థానం పొందారు.

నేపథ్యం

బెర్న్డ్ జన్మస్థలమైన సీగెన్ ప్రాంతం ఇనుప గనులకు పేరుపొందినది. అక్కడి గనులు మూతపడుతున్న కాలంలో, తాను బొమ్మ గీయడం పూర్తిచేసేలోపే కట్టడాలు కూల్చివేయబడుతుండటంతో ఆయన కెమెరాను ఆశ్రయించారు. 1959 నుండి ఇద్దరూ కలిసి పనిచేశారు. 1961లో వివాహం చేసుకున్నారు.

పద్ధతి

వీరు మబ్బు పట్టిన వేళ, నీడలు పడకుండా, పెద్ద ఫిల్మ్ కెమెరాతో నలుపు తెలుపులలో చిత్రించేవారు. చిత్రాలలో సాధారణంగా మనుషులు కనిపించరు. వేర్వేరు ఊళ్ళలోని నీటి ట్యాంకులనో, బ్లాస్ట్ ఫర్నేసులనో ఒకే తీరున తీసి, తొమ్మిది లేక పదిహేను చొప్పున వరుసలుగా అమర్చేవారు. విడిగా చూస్తే ప్రతి చిత్రమూ ఒక నమోదు మాత్రమే. పక్కపక్కన చూసినపుడు పోలికలు, భేదాలు బయటపడతాయి. ఈ ఆలోచనే ఇక్కడ కళ. 1970లో వెలువడిన వీరి పుస్తకం పేరుకు "అనామక శిల్పాలు" అని అర్థం.

గుర్తింపు

1990 వెనిస్ ద్వైవార్షిక ప్రదర్శనలో వీరి ఛాయాచిత్రాలకు లభించిన స్వర్ణసింహ పురస్కారం శిల్పకళా విభాగానిది కావడం విశేషం. బెర్న్డ్ 1976 నుండి 1996 వరకు డ్యూసెల్డార్ఫ్ కళా అకాడమీలో బోధించారు. ఆండ్రియాస్ గుర్స్కీ, థామస్ స్ట్రూత్, కాండిడా హోఫర్ ఆయన శిష్యులు.

డోర్ట్‌ముండ్‌లోని జోలెర్న్ బొగ్గు గని యంత్రశాలను కూల్చివేత నుండి కాపాడేందుకు 1969లో జరిగిన ప్రయత్నంలో వీరు కూడా పాల్గొన్నారు. ఆ గని నేడు మ్యూజియంగా ఉంది. వీరు చిత్రించిన ఇతర కట్టడాలలో అనేకం ఛాయాచిత్రాలలో మాత్రమే మిగిలాయి.