గుమ్మం ముందు చెప్పుల లెక్క

కూర్చో నాయనా, ఆ చాప ఇటు లాక్కో. టీ పొయ్యి మీదుంది, మరిగేదాకా నీకు వేరే పనేం లేదు. ఫోను పక్కన పెట్టు, అదెక్కడికీ పారిపోదు. పోయిన శనివారం నువ్వేమన్నావు? "పెద్దమ్మా, ఆదివారం పెద్ద గుడికి వెళ్తున్నాను, వారమంతా ఫోనులో వాక్యం వింటున్నాను, మళ్లీ ఈ పదిమంది కూడిక దేనికి?" అన్నావు కదూ. అప్పుడు జవాబు చెప్పలేదు. ఇవాళ చెబుతాను. కొంచెం సేపు పడుతుంది మరి.

మాదాపూరులో మేమీ ఇల్లు కట్టుకునే నాటికి ఇక్కడ మనుషుల కంటే బండరాళ్లే ఎక్కువ. 1998 నవంబరు 22న వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఆ సాయంత్రం మీ పెదనాన్న నన్ను డాబా మీదికి పిలిచి, "అదుగో, ఆ గుండ్రటి మేడలో అన్నీ కంప్యూటర్లేనట" అని చూపించారు. "సంతోషం. మన వీధికి నల్లా నీళ్లు ఎప్పుడిస్తారో కూడా కనుక్కోండి" అన్నాను. సికింద్రాబాదు వెళ్లాలంటే 10హెచ్ బస్సు కోసం చెట్టు కింద నిలబడేవాళ్లం. టీ రెండు రూపాయలు. నువ్వు హైటెక్ సిటీ స్టేషన్‌లో మెట్రో దిగి చెమట పట్టకుండా వస్తున్నావు చూడు, ఆ మెట్రో వచ్చింది 2019లో.

అసలు సంగతి అంతకు ముందుది. 1972లో పెళ్లయి రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ క్వార్టర్లకు వచ్చాను. మాది గుంటూరు వైపు లూథరన్ కుటుంబం. మిషనరీ హయ్యరు దొరగారు 1842లో గుంటూరులో అడుగుపెట్టినప్పటి నుంచి లెక్క చెప్పేది మా నాయనమ్మ. మా అమ్మ అన్నం వండే ముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి మూలనున్న ముంతలో వేసేది. దేవుడి బియ్యం అది. ఇంట్లో గింజలు నిండుకున్న రోజున కూడా ఆ ముంత ముట్టుకోనిచ్చేది కాదు. ఆదివారం దాన్ని గుడికి మోసుకెళ్లే పని నాది. దారిలో రెండు గింజలు నోట్లో వేసుకుంటే వీపు మోగేది.

క్వార్టర్లలో బుధవారం బుధవారం కాటేజీ ప్రార్థన. ఈ వారం మా ఇంట్లో, వచ్చే వారం మీ ఇంట్లో. ఒక సంఘ పెద్ద ఉండేవారు, బంగారం లాంటి మనిషి. ప్రార్థన మొదలుపెడితే ఆదాముతో ఎత్తుకుని ఢిల్లీలో మంత్రుల దాకా ఒక్కరినీ వదిలేవారు కాదు, ఉప్మా చల్లారిపోయేది. ఆ ఉప్మాతోనే గొడవ కూడా వచ్చింది విను. ఒకావిడ ఉప్మా పెట్టింది. తర్వాతావిడ అందులో జీడిపప్పు వేసింది. ఆ పై వారం కేసరి, దాని మీద పకోడీ. నాలుగు నెలలయ్యేసరికి క్యాంటీనులో పనిచేసే ఒకాయన భార్య, "మా ఇంట్లో వద్దులే వదినా, ఇల్లు ఇరుకు" అంది. ఇల్లు ఇరుకు కాదు, చెయ్యి ఇరుకు. పెద్దాయనకు సంగతి అర్థమైంది. ఇక మీదట ఎవరింట్లోనైనా పావలా బొరుగులు, టీ, అంతే అని తేల్చేశారు. ఆ మరుసటి బుధవారం కూడిక ఆమె ఇంట్లోనే. ఆ రాత్రి ఆమె ఏడుస్తూ చేసిన ప్రార్థన నాలుగు మాటలే గానీ, ఇన్నేళ్లలో అంత నిండైన ప్రార్థన నేను వినలేదు.

ఆవులిస్తున్నావా? త్రోయలో పౌలు గారు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే, ఐతుకు అనే కుర్రాడు కిటికీలో కూర్చుని జోగి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. మనది నేల మీద చాప, నీకా భయం లేదు. ఇంకో సంగతి గమనించావా? పౌలు గారు వాడిని వదిలేసి ప్రసంగం సాగించలేదు. కిందికి దిగి వెళ్లి కౌగలించుకున్నారు. వాడు బతికాకే పైకి వచ్చి రొట్టె విరిచి, తెల్లవారిందాకా మాట్లాడారు. పదిమంది ఉన్న గది గనుక పడినవాడు కనబడ్డాడు.

ఇక్కడ మా కూడిక మొదలైందీ అలాంటి నిద్రమొహం వాడితోనే. పై గది మా బీహెచ్‌ఈఎల్ రోజుల స్నేహితుడి కొడుక్కీ, వాడి ఇద్దరు నేస్తాలకూ అద్దెకిచ్చాం. ఒకడికి రాత్రి డ్యూటీ. శనివారం రాత్రి వచ్చి చాప మీద కూర్చున్నాడంటే మొదటి పాట అయ్యేలోపు గురక. అందరూ వాడిని ఐతుకు అనేవాళ్లు. ఎవరూ లేపేవాళ్లం కాదు. ప్రార్థనయ్యాక టీ చేతికిచ్చి, ఏం చెప్పుకున్నామో నాలుగు మాటల్లో చెప్పేవాళ్లం. పదిన్నర దాటాక అందరూ కట్టగట్టుకుని ఎస్టీడీ బూత్‌కు. అప్పుడే రేటు తక్కువ. అమ్మలకు ఫోన్లు.

ముగ్గురు ఏడుగురయ్యారు, ఏడుగురు పన్నెండు మంది అయ్యారు. దాంతోపాటే చిక్కూ వచ్చింది. మాది లూథరన్, ఒకడు బాప్టిస్టు, ఒకమ్మాయి మెదక్ వైపు సీఎస్ఐ, ఇద్దరు హెబ్రోను వాళ్లు, ఒకడు పెంతెకొస్తు. ఒకరి చేతిలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు, ఇంకొకరి చేతిలో సీయోను గీతములు, మూడోవాడు గిటారు పట్టుకొచ్చాడు. చిన్నప్పటి బాప్తిస్మం చెల్లుతుందా చెల్లదా అని మూడు శనివారాలు వాదులాట. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు గానీ, మా గదిలో అందరూ ఉలిపికట్టెలే.

నాలుగో వారం మీ పెదనాన్న మెథడిస్టుల వెస్లీ గారి సంగతి ఎత్తారు. 1742లో ఇంగ్లండులో, బ్రిస్టల్ ఊళ్లో, ప్రార్థన మందిరం కట్టిన అప్పు తీరక అవస్థ పడుతున్నారట. మనిషికి వారానికొక పెన్నీ వేసుకుందాం అన్నాడొక కెప్టెను. బీదవాళ్లు ఎలా ఇస్తారు అంటే, "బీదవాళ్లు పదకొండు మందిని నాకు అప్పగించండి, ఇవ్వలేనివాళ్ల పెన్నీ నేనే వేస్తాను" అన్నాడు. అలా తలా పదకొండు మందిని పంచుకుని, వారం వారం ఇల్లిల్లూ తిరిగారు. పెన్నీ కోసం వెళ్లినవాడికి ఆ ఇంట్లో తాగుడు కనబడింది, జబ్బు కనబడింది, మొగుడూ పెళ్లాల పోట్లాట కనబడింది. అప్పు వసూలు కాస్తా ఆత్మల యోగక్షేమం అడగడంగా మారింది. ఆ వెస్లీ గారి సంఘం వాళ్లే తర్వాత మన సికింద్రాబాదుకూ మెదక్‌కూ వచ్చారు. మెదక్ గుడి నువ్వు చూశావుగా, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించారు. అంత గుడి కట్టినవాళ్ల వేరు పన్నెండుమంది కూడికలో ఉంది నాయనా.

"కాబట్టి ఇక్కడ ఎవరి బాప్తిస్మం ఏదని అడగొద్దు. పోయిన వారం చదివినదాంట్లో ఈ వారం ఏం చేశావు, అదొక్కటే అడుగుదాం" అన్నారు పెదనాన్న. గది గప్‌చుప్. పై శనివారం ఆ పెంతెకొస్తు అబ్బాయి, రెండేళ్లుగా మాటల్లేని అన్నకు బూత్ నుంచి ఫోను చేశానని చెప్పాడు. బిల్లు ముప్పై రెండు రూపాయలైందట, చీటీ జేబులోంచి తీసి చూపించాడు.

హెబ్రోను అంటే గుర్తొచ్చింది. ఆ సంఘం పెద్ద భక్తసింగ్ గారు 2000 సెప్టెంబరులో పోయినప్పుడు మేమూ గోల్కొండ చౌరస్తాలోని హెబ్రోనుకు వెళ్లాం. బయట ఎన్ని చెప్పులో! అంతకు ముందు అక్కడి ప్రేమ విందులో కూర్చున్నాం కూడా. ఇంజనీరూ, రిక్షా తొక్కేవాడూ ఒకే వరసలో చాప మీద. ఆ గుట్టలకొద్దీ చెప్పుల్లో ఎవరివి తగ్గాయో ఎవరికి తెలుస్తుంది చెప్పు? మా గుమ్మం దగ్గర నాకు తెలుస్తుంది.

అలా తెలిసిందే ఒక సంగతి. 2009 మొదట్లో, అమెరికా మాంద్యం ఇక్కడి దాకా వచ్చిన రోజులు. ఖమ్మం అబ్బాయి ఒకడు. ఎప్పుడూ నిగనిగలాడే నల్ల బూట్లు. రెండు వారాలు అరిగిపోయిన హవాయి చెప్పులతో వచ్చాడు. ప్రార్థన విన్నపాలు అడిగితే, ఎవరి ప్రమోషనో, ఎవరి వీసానో చెబుతాడు గానీ తన మాట ఎత్తడు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది కదా. మెదక్ అమ్మాయి టీ ఇస్తూ మెల్లగా అడిగింది, "అన్నా, బూట్లు ఏమయ్యాయి?" వాడు గ్లాసు కింద పెట్టి చాలాసేపు నేల చూశాడు. ఉద్యోగం పోయి నలభై రోజులైంది. రోజూ పొద్దున్నే బ్యాగు తగిలించుకుని దుర్గం చెరువు గట్టున కూర్చుని సాయంత్రం గదికి వస్తున్నాడు. బూట్లు నడిచీ నడిచీ నోళ్లు తెరిచాయి.

ఎవరూ వాక్యం చెప్పలేదు. గిటారు అబ్బాయి లేచి వాడి పక్కన కూర్చున్నాడు, అంతే. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఆ అడగడమే వాడికి ఆ రాత్రి దాకా చేతకాలేదు. మర్నాటి నుంచి మా వంటింట్లో మూలన ముంత వెలిసింది. బియ్యం ముంత కాదు, ఎవరికి తోచింది వారు వేసేది, ఎవరెంత వేశారో చూడకుండా. అయిదు నెలలు వాడి గది అద్దె అందులోంచే. ఇప్పుడు వాడు నల్లగండ్లలో తన ఇంట్లో కూడిక పెడుతున్నాడు. లాక్‌డౌన్‌లో ఫోను తెరల మీద మనవాళ్లందరినీ వారం తప్పకుండా పోగేసింది వాడే. ఎవరి తెర నల్లగా ఉండిపోతే వాళ్లకు తర్వాత విడిగా ఫోను చేసేవాడు.

టీ పొంగింది, ఉండు.

ఇదుగో, పట్టుకో, వేడిగా ఉంది. ఇందాక తలుపు తీస్తూ చూశాను, పదకొండు జతలున్నాయి. కర్నూలు అబ్బాయి నీలం చెప్పులు లేవు, పోయిన వారమూ లేవు. ఆ పక్కన పెట్టావే ఫోను, అది ఇప్పుడు తియ్యి. వాడికి చెయ్యి.