పటాలం ఖర్చు కింద పోయిన సీమ

కంభం, గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాన్ని ఇంగ్లీషు కంపెనీకి తెచ్చిపెట్టింది ఒక సైన్యం ఖర్చు. 1792, 1799 మైసూరు యుద్ధాల్లో కంపెనీ పక్షాన నిలిచి నిజాం కొత్త భూములు సంపాదించాడు. తన రక్షణకు పెట్టుకున్న కంపెనీ పటాలాల ఖర్చు కింద 1800 అక్టోబరు 12న ఆ భూములనే కంపెనీకి రాసిచ్చాడు. అవే దత్త మండలాలు. శ్రీరంగపట్నం కోట కూలిన ఏడాదిన్నరకే నల్లమల అంచు పల్లెలకు దొర మారాడు. పల్లెల్ని అడిగినవాళ్లు లేరు.

వచ్చిన కలెక్టరు థామస్ మన్రో సైన్యంలో పైకొచ్చినవాడు. ఆయన వెనుక మేజర్ జనరల్ డూగల్డ్ క్యాంబెల్ పటాలాలు నిలిచాయి. అప్పటికి ఈ మండలాల్లో దాదాపు 80 మంది పాలెగాళ్లు కోటలతో, సొంత బంట్లతో ఉండేవారు. లొంగనివాళ్ల మీదికి పటాలాలు నడిచాయి. కోటలు పోయాయి, బంట్లు చెదిరిపోయారు, కొన్ని కుటుంబాలకు తవర్జీ అనే భరణం మాత్రం మిగిలింది. రైతుల విషయంలో మన్రోకు నేటికీ మంచి పేరుంది. పాలెగాళ్ల మీద చూపిన కాఠిన్యాన్ని మాత్రం లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లే తప్పుపట్టారు.

ఊరి కావలి కాసే కట్టుబడి బంట్లకు మాన్యాలే బతుకు. వాటి మీదా సర్కారు చెయ్యి పడింది.

ఆ కడుపుమంట 1846లో రాజుకుంది. నొస్సం పాలెగాళ్ల వారసుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి దక్కిన భరణం నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఆయన కోయిలకుంట్ల ఖజానా మీద పడినప్పుడు మాన్యాలు పోగొట్టుకున్న బంట్లు వెంట నడిచారు. జూలైలో గిద్దలూరు దగ్గర వాట్సన్ అనే సైనికాధికారి పటాలంతో పోరు జరిగింది. ఆ తర్వాత రెడ్డి నల్లమలలోకి తప్పుకున్నాడు.

పోరు ఆగినా పల్లెలకు ఊరట దొరకలేదు. పటాలాలు కొండలూ ఊళ్లూ గాలించాయి. అక్టోబరు 6న పేరుసోముల కొండ మీద రెడ్డి దొరికాడు. దాదాపు 900 మంది మీద కేసులు పెట్టారు. చివరికి శిక్షపడింది 112 మందికి. తక్కిన వందల ఇళ్లు ఏ నేరమూ రుజువు కాకుండానే ఆ భయాన్ని మోశాయి. గిద్దలూరు పోరు కథ చెప్పేటప్పుడు ఆ ఇళ్లనూ తలుచుకోవాలి.

1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో, జుర్రేరు ఒడ్డున, రెడ్డిని ఉరితీశారు. జనం చూసి జడుసుకోవాలని తలను కోయిలకుంట్ల కోటలో వేలాడగట్టారు. కంభం, మార్కాపురం తాలూకాలు 1858లో కడప నుంచి కర్నూలు జిల్లాకు మారాయి. కంపెనీ పోయి రాణి పాలన వచ్చింది. ఆ తల మాత్రం 1877 దాకా, అంటే ధాత నామ సంవత్సరపు కరువు రోజుల దాకా, అక్కడే ఉంది.