ఫొటోల వెనక రాయని పేర్లు

మన ఖరగ్‌పూర్ తెలుగు చర్చి జూబిలీ సంచికకు సంఘ చరిత్ర రాయమని కమిటీవారు కోరినప్పుడు మథురాకాటి, నీంపురా, ఓల్డ్ సెటిల్‌మెంట్ ఇళ్లలో అటకల మీది ట్రంకుపెట్టెలు దింపించాను. తొలి ఏళ్ల మినిట్స్ పుస్తకాలు చెదలపాలయ్యాయి. మనకు మిగిలింది ఫొటోలే. ఈ వ్యాసం చాలామటుకు వాటిని చూసి రాసిందే.

1887లో ఏర్పడ్డ బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ఊళ్లో వర్క్‌షాపు నిలబెట్టాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మనవాళ్లు ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, కూలీలుగా వచ్చారు. కెనడా బాప్తిస్టు మిషనరీలు 1874లో కాకినాడలో మొదలుపెట్టిన పని క్రమంగా బొబ్బిలి, టెక్కలి ప్రాంతాలకూ పాకింది. అందుకే ఇక్కడ రైలు దిగిన కొందరి మూటల్లో బైబిలు, కీర్తనల పుస్తకం ఉన్నాయి. ఆ కీర్తనల్లో ఎన్నింటినో రాసిన పురుషోత్తమ చౌదరిగారు 1833లో బాప్తిస్మం పొందింది కటకంలో. మనం సెలవులకు ఊరెళ్లే దారిలో వచ్చే కటకమే అది. సొంత ఊరు దాటి వచ్చిన మన పెద్దలకు ఆ పాటలు తోడుగా రావడం దేవుని ఏర్పాటని నేను నమ్ముతాను.

తొలితరం పెద్దల్లో నేను కళ్లారా చూసింది బాయిలర్ షాపు మేస్త్రి ఒక్కరినే. పిల్లలందరికీ ఆయన తాతయ్యగారు. సైరన్ మోగి డ్యూటీ దిగాక చేతులు ఎంత తోమినా గోళ్ల సందుల్లో మసి పోయేది కాదు. ఆయన బైబిలు ఇప్పుడు మనవరాలి దగ్గర ఉంది. కీర్తనల గ్రంథం దగ్గర పేజీల అంచులన్నీ ఆయన వేలిముద్రలతో నల్లబడి ఉన్నాయి. ఆయన క్వార్టర్ వరండాలోనే మన ఆరాధన మొదలైంది. ప్రసంగం ఎన్నడూ చేయలేదు. వచ్చినవాళ్లకు చాప వేసి, వెళ్లేవాళ్లకు లాంతరు పట్టేవారు.

1944లో కంపెనీ పోయి సర్కారు వచ్చింది, 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే ఏర్పడింది. ఆ ఏళ్లలో పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, ఏటేటా సున్నాలు తప్ప విశేషాలు లేవు.

1974 సంగతి వేరు. మే 8న దేశమంతటా రైల్వే సమ్మె మొదలైంది. 1920ల్లో ఈ రైల్వే కార్మికుల సంఘాన్ని నడిపిన వి.వి.గిరిగారు అప్పటికి రాష్ట్రపతి. ఆయన పేరు ప్రతి ఇంట్లో తలుచుకున్నారు. అరెస్టులు, ఉద్యోగాల తొలగింపులు, క్వార్టర్లు ఖాళీ చేయమని బెదిరింపులు. మే 27న సమ్మె విరమించినా చాలా ఇళ్లకు కష్టం తీరలేదు. ఆ రోజుల్లో సంఘాన్ని నిలబెట్టింది పిడికెడు బియ్యం. వంటకు ఎసరు పెట్టేముందు ఒక పిడికెడు తీసి కుండలో వేసి, ఆదివారం గుడికి తేవడం మన ఆడవాళ్ల అలవాటు. మామూలు రోజుల్లో దాన్ని వేలం వేసి ఆ డబ్బు కానుకల్లో కలిపేవారు. ఆ వేసవిలో వేలం మానేసి, జీతం రాని ఇళ్లకు చీకటి పడ్డాక పంచిపెట్టారు. పగలు ఇస్తే పుచ్చుకునేవారికి చిన్నతనమని పాస్టరమ్మగారి ఆలోచన.

ఒక మాట రాయకుండా ఉండలేను. సమ్మెలో పనికి వెళ్లినవారికి తరువాత బహుమానాలు దక్కాయి, కొందరి పిల్లలకు ఉద్యోగాలూ వచ్చాయి. వెళ్లనివారూ వెళ్లినవారూ ఒకే గుడిలో ఏళ్ల తరబడి వేరువేరు బల్లల మీద కూర్చున్నారు. ప్రభువు బల్లకు కలిసి వచ్చి, గుమ్మం దిగాక పలకరించుకోలేదు. మా అక్క పెళ్లి ఫొటోలో మా పెదనాన్న లేకపోవడానికి కారణం అదే. క్షమాపణ గురించి అన్ని ప్రసంగాలు విన్న సంఘం ఈ గాయాన్ని మాన్పలేకపోయింది. నాకు ఇప్పటికీ బాధే.

గుడి కట్టడానికి చేయి వేసినవారిని తలుచుకోవడం మన విధి. బల్లలు చేసిన కార్పెంటర్ షాపువారు, ఇనుప కిటికీలు బిగించిన వెల్డర్లు, హార్మోనియం కొనిచ్చిన ఆసుపత్రి నర్సులు, మన విశ్వాసి కాకపోయినా ఏటా క్రిస్మస్‌కు తెరలు పంపిన గోల్ బజార్ బట్టల వ్యాపారి, జీతాల రోజున చందా పుస్తకంతో గేటు దగ్గర నిలబడ్డ డీకన్లు, ఎండనక వాననక సండే స్కూలు నడిపిన టీచర్లు. పేర్ల పట్టిక కమిటీవారు వేరే పేజీలో వేస్తున్నారు.

ఆ పట్టికలో ఆడవాళ్ల పేర్లు చాలా తక్కువ. ఫొటోల్లోనూ అంతే. అట్టకు అంటించిన ఒక పాత గ్రూపు ఫొటోలో పాస్టరు అయ్యగారు మధ్య కుర్చీలో ఉన్నారు, పెద్దలు రెండు పక్కలా ఉన్నారు. వెనక వరుసలో పైట నిండుగా కప్పుకున్న ఆడవాళ్లు. ఒకామె చంకలో బిడ్డ కదలడంతో ఆ బిడ్డ ముఖం చెరిగిపోయింది. అట్ట వెనక మగవాళ్లందరి పేర్లూ, ఉద్యోగాలతో సహా, సిరాతో రాసి ఉన్నాయి. చివర ‘స్త్రీలు’ అని ఒక్క మాటతో సరిపెట్టారు. ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పిన బైబిలు స్త్రీలు, ఆ బియ్యం కుండలు నింపినవారు ఆ వరుసలోనే ఉండి ఉంటారు. మా మామ్మకైతే బతికుండగా తీసిన ఫొటోయే లేదు. భూస్థాపన రోజున పెట్టె చుట్టూ బంధువులు నిలబడి తీయించుకున్నదే ఆమె ముఖానికి మాకున్న ఏకైక ఆధారం.

2020లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషగా గుర్తింపు ఇచ్చింది. సంతోషించాం. కాని మన పిల్లల్లో చాలామంది కీర్తనలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పాడుతున్నారు. నాయనమ్మ తెలుగులో రాసిన ఉత్తరం చదవలేని మనవడికి ఆమె విశ్వాసం ఎలా అందుతుందో పెద్దలు ఆలోచించాలి.

గతంలో ఒక ఉత్సవానికి ఇచ్చిన ఫొటోలు కొన్ని ఇళ్లకు తిరిగి చేరలేదు. అందుకే ఈసారి ఎవరి ఫొటో వారి చేతిలోనే ఉంటుంది. ఆదివారం ఆరాధన అయ్యాక వరండాలో మీ ఎదుటే కాపీ తీస్తాం. ఆల్బం ఒక్కటే పంపకుండా, ఆ వెనక వరుసలో ఎవరెవరున్నారో గుర్తుపట్టగల ముసలమ్మలను రిక్షాలోనైనా వెంట తీసుకురండి. పేరు, పుట్టింటి ఊరు అడిగి రాసుకుంటాం. ఇంట్లో మీరే రాసేటట్లయితే మెత్తని పెన్సిల్ వాడండి, బాల్‌పెన్ను నొక్కులు ముందువైపు ముఖాల మీద తేలతాయి.