టవరు లేని చోట చిరునామా ఎవరిస్తారు?

చక్రాయపేట మండలంలోని గండి దగ్గర పాపాఘ్ని నది కొండల్ని చీల్చుకుని పారుతుంది. శ్రావణ శనివారాల్లో వీరాంజనేయస్వామి దర్శనానికి జనం వేలల్లో వస్తారు. అలాంటి రోజున టవరు ఆగిపోతే, చేతుల్లో ఉన్న ఫోన్లే ఒకదాని సందేశం మరొకటి అందుకుని ముందుకు పంపగలవా? రేడియో తరంగం కొండ దాటి నేరుగా పోదు. మలుపులో నిలబడ్డ మూడో ఫోను దాన్ని అందించాలి. ఇలా అప్పటికప్పుడు అల్లుకునే, యజమాని లేని నెట్‌వర్కులే అడ్‌హాక్ నెట్‌వర్కులు. వాటి చరిత్రలో దారి వెతకడం కన్నా మొండి ప్రశ్న ఒకటుంది: ఏ పరికరానికి ఏ చిరునామా అన్నది ఎవరు నిర్ణయించాలి? ఆ చిరునామాను ఎందుకు నమ్మాలి?

అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా 1973లో ప్యాకెట్ రేడియో పనికి పూనుకుంది. పరికరాలన్నీ ఒకే ప్రాజెక్టువి కావడంతో ఈ ప్రశ్న పెద్దగా తలెత్తలేదు. 1993లో డీహెచ్‌సీపీ వచ్చింది. పంచాయతీ ఇంటి నంబర్లు వేసినట్టు, ఒక సర్వరు కూర్చుని అడిగిన ప్రతి కంప్యూటరుకూ చిరునామా ఇస్తుంది. సర్వరే లేని చోట ఈ ఏర్పాటు పనికిరాదు. ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ 1997లో అడ్‌హాక్ నెట్‌వర్కుల కోసం మానెట్ బృందాన్ని ఏర్పాటు చేసింది. 2003లో ఏఓడీవీ, ఓఎల్‌ఎస్‌ఆర్ వంటి దారి వెతికే పద్ధతులు వెలువడ్డాయి. ప్రతి పరికరానికీ వేరే చిరునామా ఉండే ఉంటుందని ఇవన్నీ ముందే అనుకున్నాయి.

ఆ లోటు పూడ్చడానికి అంతకుముందే, 2001లో, చార్లెస్ పెర్కిన్స్ బృందం ఒక సులువైన దారి చూపింది. పరికరం తనకు తోచిన చిరునామా ఎంచుకుని, 'ఇది ఎవరిదైనా ఉందా?' అని నెట్‌వర్కంతా అడుగుతుంది. జవాబు రాకపోతే అది తనదే. సుమారు 65 వేల చిరునామాల నుంచి 300 ఫోన్లు ఇలా ఎంచుకుంటే, ఏవో రెండింటికి ఒకటే వచ్చే అవకాశం దాదాపు సగం. కాబట్టి అడగడం తప్పనిసరి. కానీ అడిగినా చాలదు. గండికి ఇవతల ఒక గుంపు, అవతల ఒక గుంపు ఎవరికి వారు చిరునామాలు పంచుకున్నారనుకుందాం. ఒకరు నడుచుకుంటూ మధ్యకు రాగానే రెండు నెట్‌వర్కులూ కలిసిపోతాయి, ఒకే చిరునామా ఇద్దరికి ఉన్నట్టు అప్పుడు బయటపడుతుంది. దీనికి 2002లో రెండు జవాబులు వచ్చాయి. సంకేత్ నేసర్గి, రవి ప్రకాశ్‌ల మానెట్‌కాన్ఫ్‌లో కొత్తవారికి చిరునామా ఇవ్వాలంటే ఉన్నవారంతా ఒప్పుకోవాలి. నితిన్ వైద్య మాత్రం చిరునామాకు ఒక తాళంసంఖ్య జోడించి, జంట చిరునామాలున్నా సందేశం దారి తప్పకుండా చూశాడు.

వీటిలో అందరూ నిజమే చెబుతారన్న నమ్మకం ఉంది. కానీ ఒక దొంగ పరికరం ప్రతి ప్రశ్నకూ 'అది నాదే' అంటే కొత్తవారెవరికీ చిరునామా దొరకదు. లేదా అదొక్కటే వంద పేర్లతో వంద పరికరాల్లా నటించవచ్చు. 2002లో జాన్ డౌసర్ దీన్ని సిబిల్ దాడి అన్నాడు. నమ్మదగిన కేంద్రం లేకుండా దీన్ని పూర్తిగా ఆపడం ఆచరణలో సాధ్యం కాదని కూడా చూపాడు. అంతకుముందే, 1999లో, లిడాంగ్ జౌ, జిగ్మంట్ హాస్ డిజిటల్ సంతకం చేసే రహస్య తాళంచెవిని పలువురికి ముక్కలుగా పంచాలని సూచించారు. 2005లో వచ్చిన ఐఈటీఎఫ్ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3972 చిరునామానే తాళంచెవి నుంచి పుట్టించింది. దాంతో ఇతరుల చిరునామా దొంగిలించడం కష్టమైంది. కొత్త తాళంచెవులు ఎన్నయినా తయారుచేసుకోవడాన్ని మాత్రం అదీ ఆపలేదు. ఐఈటీఎఫ్‌లో 2005లోనే మొదలైన ఆటోకాన్ఫ్ బృందం 2010లో ఇచ్చింది చిరునామాల నమూనా మాత్రమే. అందరూ వాడే ఒకే పద్ధతి తేలలేదు.

మనవాళ్లకూ ఈ రంగంలో చోటుంది. వరంగల్ ఆర్‌ఈసీలో చదివి ఐఐటీ మద్రాసులో పాఠాలు చెప్పిన సి. శివరామమూర్తి, బి.ఎస్. మనోజ్‌తో కలిసి 2004లో తెచ్చిన అడ్‌హాక్ నెట్‌వర్కుల పాఠ్యగ్రంథం దారి పద్ధతులతో పాటు భద్రతనూ వివరించింది. 1983లో హైదరాబాదులో మొదలైన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ అనుభవమూ మనకుంది. 2004 సునామీ వేళ పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న భారతి ప్రసాద్ బృందం అండమాన్ కబుర్లను రేడియోలో బయటికి చేర్చింది. పరీక్ష రాసి, లైసెన్సు పొంది, కాల్‌సైన్ తీసుకున్నాకే హ్యామ్, అంటే అమెచ్యూర్ రేడియో వాడే వ్యక్తి, మాట్లాడతాడు. ఆపద రాకముందే అతనెవరో తేలిపోయి ఉంటుంది.

ఈ చరిత్ర చెప్పేదీ అదే. చిరునామాను యంత్రాలు తమలో తాము పంచుకోగలవు. మనిషి ఎవరన్నదానికి మాత్రం మనుషులే ముందుగా పూచీపడాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు టవర్లు మూగబోయాయి. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడింది. అలాంటి వేళల కోసం గ్రామ సచివాలయ సిబ్బంది, వైద్య సిబ్బంది, రక్షణ బృందాల ఫోన్లకు సంతకపు తాళంచెవులు మామూలు రోజుల్లోనే ఇచ్చి, ఏటా తుపాన్ల కాలానికి ముందు సరిచూడాలి. అప్పుడు చీకట్లో వచ్చిన 'కట్ట తెగింది, లేవండి' అన్న సందేశాన్ని ఊరు నమ్మి కదులుతుంది.