కావేరి ఒడ్డున తెలుగు పాట

భాష రాకపోతే పాట చెవికెక్కదంటారు. తంజావూరు చరిత్ర చూస్తే, అసలు సంగతి పాటను మోసుకొచ్చే ఏర్పాటు ఉందా లేదా అన్నదేననిపిస్తుంది. 16వ శతాబ్దంలో నాయక రాజులతో అక్కడ తెలుగుకు గద్దె అండ దొరికింది. 1670ల్లో మరాఠాలు వచ్చారు. అయినా వాళ్ల రాజు శాహజీ పల్లకీ సేవా ప్రబంధాన్ని తెలుగులోనే రాశాడు. ఆ నేల మీదే, తిరువయ్యారులో త్యాగరాజు కృతులు కట్టాడు. 1847లో ఆయన పోయాక వాటిని బతికించింది శిష్యపరంపర, అందులో తమిళులెందరో. తమిళ లిపిలో క, గ లకు అక్షరం ఒక్కటే. అందుకని అక్షరం పక్కన అంకెలు వేసి మరీ తెలుగు సాహిత్యాన్ని అచ్చువేశారు. తమది కాని మాట పలుకు చెడకూడదని ఎంత శ్రద్ధ!

మరి 1940ల్లో తమిళ ఇసై ఉద్యమం ఎందుకొచ్చిందని అడగొచ్చు. అణ్ణామలై చెట్టియార్ అండతో సాగిన ఆ ఉద్యమం కచేరీల్లో తమిళానికి తగిన చోటు అడిగింది. న్యాయమైన కోరికే. అయితే తమిళ పాటలు వేదికెక్కాక తెలుగు కృతులేమీ దిగిపోలేదు; గురువులు నేర్పుతూనే ఉన్నారు, సభలు వింటూనే ఉన్నాయి. మన వైపు చూసినా అంతే. ధనుర్మాసంలో తిరుమలలో సుప్రభాతం బదులు ఆండాళ్ తిరుప్పావై తమిళంలోనే వినిపిస్తుంది. శివుడి మీది తేవారమూ తమిళమే, భక్తి పాటే. కానీ దాన్ని పాడే ఓదువార్ల పరంపర తెలుగునాట పెద్దగా వేళ్లూనలేదు కాబట్టి మన శివాలయాల్లో అది అరుదు.