జాబు రాయడం ఎవరు నేర్పారు?

మా వైపు పెద్దవాళ్ళు ఉత్తరం అనరు, జాబు అంటారు. "జాబు ఏసినావా?", "జాబు వచ్చెనా?" అనే మాటలు ఇడుపులపాయ చుట్టుపక్కల ముసలివాళ్ళ నోట ఇప్పటికీ వినిపిస్తాయి. జాబులు మాత్రం రావడం లేదు.

మీ ఇంట్లో మూడో తరగతో, నాలుగో తరగతో చదివే పిల్లలుంటే తెలుగు నోటుబుక్కులో లేఖ చూసే ఉంటారు. కుడివైపు పైన ఊరు, తేదీ. కింద "ప్రియమైన మిత్రురాలికి". ఆ తర్వాత "నేను ఇక్కడ క్షేమం, నీవు అక్కడ క్షేమమని తలుస్తాను". మధ్యలో విహారయాత్ర గురించి నాలుగు వాక్యాలు. చివర "ఇట్లు, నీ ప్రియ స్నేహితురాలు". నలభైమంది పిల్లలు రాసినా నలభై లేఖలూ ఒకటే. ఆ స్నేహితురాలు ఎవరో రాసిన పిల్లకే తెలియదు. ఈ అచ్చు ఎక్కడిదా అని వెనక్కి వెతుక్కుంటూ పోతే, కథ మా కడప దాకా వచ్చింది.

1820లో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఉద్యోగం మీద కడపకు వచ్చాడు. అప్పటికి ఇరవై రెండేళ్ళు కూడా నిండలేదు. కచేరీలో రైతులు చెప్పుకునేది అర్థం కావాలి, వాళ్ళిచ్చే అర్జీలు చదవాలి. కావ్యాల తెలుగు నేర్చుకుంటే ఆ పని జరగదు. వేమన పద్యాలు సేకరించిన దొరగా, నిఘంటువు చేసిన దొరగా ఆయన మనందరికీ తెలుసు. కానీ 1852లో ఆయన అచ్చువేసిన తెలుగు రీడరు గురించి ఎక్కువమంది చెప్పుకోరు. అది కథల పుస్తకం కాదు, నీతుల పుస్తకం కాదు. అన్నీ జాబులే! సొంత జాబులు, వ్యాపారం జాబులు, పోలీసు, రెవెన్యూ వ్యవహారాల జాబులు, వాటికి ఇంగ్లీషు అనువాదం. కొత్తగా తెలుగు నేర్చుకునేవాడికి జనం ఒకరికొకరు రాసుకున్నదే పాఠం కావాలనుకున్నాడు. అన్నట్టు, ఈయన మద్రాసులో పోస్టుమాస్టర్ జనరల్‌గా కూడా పనిచేశాడు. జాబుల మీద మక్కువ ఉన్న మనిషికి తగిన ఉద్యోగమే దొరికిందనిపిస్తుంది నాకు.

ఆ రోజుల్లో మన ఇళ్ళలో పిల్లలకు జాబు నేర్పడమంటే ముందు సంబోధనలు నేర్పడమే. మగవాళ్ళకు "మహారాజ రాజశ్రీ", పొట్టిగా మ.రా.రా.శ్రీ. పసుపు కుంకుమలతో ఉన్న చిన్నవాళ్ళకు చి.ల.సౌ., అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. భర్త పోయినామెకు "గంగా భాగీరథీ సమానురాలైన", అదే గం.భా.స. ఎనిమిదేళ్ళ పిల్ల మేనత్తకు జాబు రాయాలంటే మామ బతికున్నాడో లేడో చూసుకుని అక్షరాలు మార్చాలన్నమాట. గంగతో పోల్చడం గౌరవమే అని వాదించేవాళ్ళు ఉన్నారు. జాబు విప్పీ విప్పగానే "నువ్వు విధవవు" అని మొదటి వరసలోనే గుర్తుచేసే గౌరవం నాకు నచ్చదు. ఆ మూడక్షరాలు పోవడం మంచిదే అయింది. శుభలేఖ మూలలకు పసుపు రాయడం నిలిచింది, చావు కబురు కార్డు మూల చించడం దాదాపు పోయింది.

1879 జూలై 1న కానీ కార్డు వచ్చింది. కానీ అంటే పావు అణా. కబురు పంపడం పేదవాడికీ అందింది, చోటు తక్కువ కాబట్టి సంబోధనలూ కురచయ్యాయి. ఇన్‌లాండ్ కవరు 1950లో వచ్చింది. పుట్టింటికి మనసులో మాట రాసుకోవాల్సిన ఆడవాళ్ళకు అదే ఆసరా. కార్డైతే పోస్టుమాన్ దగ్గర్నుంచి అత్తగారి దాకా అందరూ చదివేవాళ్ళు.

అసలు ఆడపిల్లకు అక్షరం వద్దనడానికి పెద్దవాళ్ళు చెప్పిన కారణాల్లో జాబు ఒకటి. చదువొస్తే ఎవరికో రాస్తుందని భయం. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల బడి పెట్టింది అలాంటి కాలంలోనే. 1910లో గురజాడ రాసిన "దిద్దుబాటు" కథలో కమలిని జాబు రాసి పెట్టి కనబడకుండా పోతుంది. అది చదివి భర్త గోపాలరావు కళ్ళు తెరుస్తాడు. గొడవ పడలేదు, ఏడవలేదు, జాబు రాసింది. ఆమెకు అక్షరం రాకపోతే ఆ కథే లేదు.

ఆ రోజుల్లోనే గిడుగు రామమూర్తి బడి పుస్తకాల్లో వాడుక భాష ఉండాలని పోరాడారు. పిల్లలు మాట్లాడేది ఒకటి, రాసేది ఇంకొకటి అయితే చదువు ఎలా వస్తుందని ఆయన బాధ. ఆయన గెలిచారనే అంటాం. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం కూడా చేసుకుంటున్నాం. కానీ మూడో తరగతి లేఖలో ఇంకా "తలుస్తాను" ఉంది. మన ఇళ్ళలో ఏ పిల్ల "తలుస్తాను" అంటుంది చెప్పండి?

మా తరం జాబు నేర్చుకున్నది బడిలో కంటే వీధిలో ఎక్కువ. ఉమ్మడి కడప జిల్లాలో రాయచోటి, రాజంపేట వైపు నుంచి ఎంతోమంది కువైట్ పోయారు. చదువురాని భార్యలు, తల్లులు ఎయిర్ మెయిల్ కవరు పట్టుకుని బడికిపోయే పిల్లల్ని పిలిచేవాళ్ళు. "రాయి పాపా, ఎనుము ఈనింది, దూడ బాగుంది, డబ్బు అందింది." వాళ్ళు చెప్పింది చెప్పినట్టే రాయాలి. రాశాక చదివి వినిపించాలి, మాట మారిస్తే వెంటనే పట్టేసేవాళ్ళు. వినేవాళ్ళు ఎదురుగా ఉన్నారు, చదివేవాళ్ళు సముద్రం అవతల ఉన్నారు. అంతకంటే మంచి తెలుగు పరీక్ష నా బి.ఏ.లో కూడా పెట్టలేదు.

అందుకే మా చిన్నదానికి లేఖ పాఠం వచ్చినప్పుడు నోటుబుక్కు పక్కన పెట్టి, పోస్టాఫీసులో కార్డు తెచ్చిచ్చాను. జమ్మలమడుగులో ఉండే వాళ్ళ అవ్వకు రాయమన్నాను. "ఏం రాయాలి?" అంది. "అవ్వ ఇప్పుడు ఈ గుమ్మంలో కూర్చుంటే ఏం చెప్తావు?" అన్నాను. చీనీ చెట్టుకు రెండు కాయలు కాసినాయని, ఒకటి కోతి తెంపుకుపోయిందని, కోతిని రాయితో కొట్టింది అన్నే గానీ తను కాదని రాసింది. ఒత్తులు రెండు తప్పాయి, దిద్దలేదు. చిరునామా మాత్రం దగ్గర కూర్చుని రాయించాను. పిన్ కోడ్ గడులు ఆరూ నింపడం పిల్లలకు భలే సరదా. మొదటి అంకె దేశంలో ఏ వైపో చెబుతుందని, 1972 ఆగస్టు 15 నుంచి ఈ పద్ధతి ఉందని చెప్తే, మనకు 5 ఎందుకు వచ్చిందని ఒకటే ప్రశ్నలు.

పదకొండో రోజు జవాబు వచ్చింది. మా అత్తగారికి రాయడం రాదు. పక్కింట్లో ఐదో తరగతి చదివే పిల్లను కూర్చోబెట్టుకుని చెప్పి రాయించిందట. కోతిని కొట్టొద్దని, రెండో కాయ తను వచ్చేదాకా చెట్టుకే ఉంచమని ఉంది అందులో.